వండినవాళ్లూ వేడిగా తినే రాత్రి

వేపుడు గురించి మన ఇళ్లలో పైకి అనని సంగతి ఒకటుంది. దాన్ని వండిన మనిషే దాన్ని చల్లారాక తింటుంది. మూకుడులోంచి దింపిన ఆలుగడ్డ ముక్క పైన కరకరలాడుతూ లోపల వెన్నలా ఉండేది మహా అయితే పది పదిహేను నిమిషాలు. ఆ కాస్త సమయంలో పిల్లలు తింటారు, అల్లుడు తింటాడు, మామ తింటాడు, పలకరించిపోదామని వచ్చిన పక్కింటాయన కూడా తింటాడు. పొయ్యి ముందు నిలబడ్డ ఆమె మాత్రం "మీరు తినుండ్రి, నేను మల్ల తింట" అంటుంది. ఆమె కూర్చునే సరికి మూకుడు అడుగున మెత్తబడ్డ నాలుగు ముక్కలూ, గంటెతో గీకితే వచ్చే ఇంత కారమూ మిగిలి ఉంటాయి.

ఆ మాటలో ప్రేమ ఉంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఏళ్ల తరబడి అదే మాట అంటూ వచ్చిన మనిషికి తను వండే కూర అసలు రుచి తెలియకుండానే పోతుంది. ఉప్పు చూడటానికి అరచేతిలో వేసుకున్న ఒక్క ముక్కే ఆమె తిన్న వేడి ముక్క. ఇంట్లో అందరికన్నా బాగా వండే మనిషి ఇంట్లో అందరికన్నా చప్పటి భోజనం చేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

ఈ అధ్యాయంలో ఆ అన్యాయాన్ని ఒక్క రాత్రికి సరిచేద్దాం. ఇందుకు ఇంట్లో ఉపన్యాసం అక్కర్లేదు, తగవు అసలే వద్దు. పని వరస మారిస్తే చాలు. అందుకు ఆలుగడ్డ వేపుడునే ఎంచుకున్నాను. కారణం, అది వేడి తప్పితే ఆగని కూర. పప్పు గంట ఆగుతుంది, పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుంది, వేపుడు ఆగదు. వేపుడు వండే మనిషిని అందరితో పాటు కూర్చోబెట్టగలిగితే ఏ వంటకైనా కూర్చోబెట్టగలరు.

కురవి వైపు ఇళ్లలో ఈ సంగతి ఏటా శివరాత్రికి బాగా తెలిసొస్తుంది. వీరభద్రస్వామి జాతర కదా. కాజీపేట–విజయవాడ లైను మీద మానుకోట స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కే చుట్టాలు, హైదరాబాద్ నుంచి కార్లలో పిల్లలతో వచ్చే ఆడబిడ్డలు, మొక్కు చెల్లించుకునేవాళ్లు, ఊరికే తీర్థం చూద్దామని వచ్చేవాళ్లు, అందరూ చేరేది ఆ నాలుగు రోజుల్లోనే. 2017 శివరాత్రి నాడు, ఫిబ్రవరి 24న, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి కోరమీసాల వీరన్నకు బంగారు మీసాలు సమర్పించినప్పుడు ఆ పేరు రాష్ట్రమంతా వినిపించింది గానీ, చుట్టుపక్కల ఊళ్లకు వీరన్న ఎప్పటి నుంచో ఇంటి దేవుడే. ఒక్కపొద్దు విడిచిన మర్నాటి రాత్రి, తిరుగు ప్రయాణాలకు ముందు, ఇల్లంతా కలిసి తినే భోజనం ఒకటుంటుంది. ఈ అధ్యాయం ఆ భోజనాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఇంకో సంగతి మరవకూడదు. ఫిబ్రవరి, మార్చి నెలలంటే ఈ ప్రాంతంలో మిరప ఏరుడు కాలం. పొద్దున్నే సద్ది కట్టుకుని ఆటోల్లో చేనుకు పోయి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరే ఆడవాళ్లు ఎందరో. వేళ్ల సందుల్లో ఘాటు మండుతూనే ఉంటుంది. ఆ చేతులతోనే రాత్రి వంట. (ఆ మంటకు నీళ్లు పనిచేయవు. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు ఇంత మంచినూనె బాగా రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి.) కాబట్టి నేను చెప్పే పద్ధతి రోజంతా తీరిక ఉన్న మనిషికి మాత్రమే పనికొచ్చేదైతే లాభం లేదు. సాయంత్రం ఆరింటికి అలసి ఇల్లు చేరిన మనిషికి కూడా కుదరాలి.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా జనం తమ సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. కూలి రాని ఇంటిపనికి, అది చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు రోజులో ఏదో ఒక ఇంటిపని ముట్టుకునే మగవాళ్లే నూటికి 26 మంది. దాదాపు అయిదు గంటల పని మీదున్న మనిషికి పండగ పూట మరో రెండు గంటలు కలిపి, "అందరం కలిసి తిందాం" అంటే ఆ అందరిలో ఆమె ఉండదు.

అందుకని మొదటి నిర్ణయం వంటింట్లోకి పోకముందే జరగాలి. ఆ రాత్రి మనసుపెట్టి చేసే కూర ఒక్కటే. మిగతాదంతా సాదా. నా సలహా ముద్దపప్పు, పచ్చిపులుసు, అన్నం, పెరుగు. పచ్చిపులుసుకు పొయ్యితో పెద్దగా పనిలేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ తరిగి, కాల్చిన పచ్చిమిరపకాయ నలిపి, ఇంత జీలకర్రపొడి, ఉప్పు వేసి మూత పెడితే మధ్యాహ్నమే అయిపోతుంది. ముద్దపప్పు కుక్కర్‌లో దానంతటదే ఉడుకుతుంది. చుట్టాలొచ్చారు కదా అని బీరకాయ ఒకటి, వంకాయ ఒకటి, మళ్లీ ఒక పాయసం, అప్పడాలు, వడియాలు అంటూ పోతే ఏ ఒక్కదాని మీదా మనసు నిలవదు, ఎవరూ కూర్చోరు. అయిదు కూరలు మామూలుగా చేసిన విందు కన్నా ఒక్క కూర గొప్పగా చేసిన విందును చుట్టాలు ఎక్కువకాలం చెప్పుకుంటారు. పెద్దవాళ్లు "ఒక్కటే కూరనా?" అంటే జవాబు చెప్పకండి. ఆ కూర తిన్నాక వాళ్లే అడగరు.

ఆ ఒక్క కూరకు మాత్రం చెయ్యి బిగపట్టకండి. రోజూ నూనె గరిటె లెక్కన పోసే ఇల్లు ఆ రాత్రి లెక్క పక్కన పెట్టాలి. పల్లీలు, నువ్వులు, కుడుక, ఎల్లిపాయ, చివర్లో నెయ్యి, అన్నీ పడాలి. ఎనిమిది మందికి కిలోన్నర ఆలుగడ్డలు తీసుకోండి. ఎక్కువనిపిస్తుంది గానీ మిగలదు.

ఆలుగడ్డను చూసి కొనే అలవాటు మనకు తక్కువ. వంకాయను తిప్పి తిప్పి చూస్తాం, బెండకాయ కొస విరిచి చూస్తాం, ఆలుగడ్డలను మాత్రం తట్టలోంచి దోసిళ్లతో ఎత్తి పోయించుకుంటాం. ఈ గడ్డ మన నేలలో పుట్టింది కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పంట, పోర్చుగీసు ఓడల వెంట మన దేశానికి వచ్చింది. మిరపకాయదీ అదే దారి. పదో శతాబ్దంలో కురవిలో కొరవి శాసనం చెక్కించిన నాడు ఈ చుట్టుపక్కల పొలాల్లో మిరప మొక్క లేదు, వంటింట్లో ఆలుగడ్డ లేదు. సముద్రాలు దాటొచ్చిన రెండు పంటలు ఈ ఊరి మూకుడులో కలిసి మనదైన రుచి అయ్యాయి. నాకు ఆ ఆలోచన ఎప్పుడొచ్చినా సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు పనికొచ్చే సంగతికి వస్తాను. శివరాత్రి నాటికి మార్కెట్‌లోకి కొత్త గడ్డ వస్తుంది. మన రాష్ట్రంలో జహీరాబాద్ వైపు చలికాలం పంటగా పండించింది అప్పటికి తవ్వి ఉంటుంది. ఉత్తరాన ఆగ్రా పంట కూడా ఫిబ్రవరి, మార్చిలోనే తవ్వుతారు. కొత్త గడ్డ తోలు పలచగా ఉండి గోటితో గీకితే లేచొస్తుంది. నీరు ఎక్కువ, ముక్క విరగదు. బతుకమ్మ, దసరా నాటికి దొరికేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ గడ్డ. చలిలో నెలల తరబడి ఉన్నప్పుడు లోపలి పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అందుకే ఆ రోజుల్లో వేపుడు తొందరగా నల్లబడుతుంది, నోటికి కాస్త తీపి తగులుతుంది. చాలామంది మంట ఎక్కువైందనో మూకుడు మంచిది కాదనో అనుకుంటారు. తప్పు మంటది కాదు, గడ్డది. అలాంటి గడ్డలను ఒకటి రెండు వారాలు ముందే తెచ్చి, గాలి ఆడే చీకటి మూలలో గోనె మీద పరచి ఉంచితే ఆ తీపి కొంత తగ్గుతుంది. ఇదే కారణంతో పచ్చి ఆలుగడ్డలను ఫ్రిజ్‌లో పెట్టకండి.

మెత్తగా పిండిలా విచ్చే గడ్డ ఏదో, గట్టిగా నిలిచే గడ్డ ఏదో పైకి చూసి చెప్పడం కష్టం. షిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధనా సంస్థ విడుదల చేసిన రకాలు చాలా ఉన్నాయి. 1968 నాటి కుఫ్రీ జ్యోతి, చిప్స్ కోసమని 1998లో వచ్చిన కుఫ్రీ చిప్సోనా లాంటివి. కానీ మన కూరగాయల దుకాణంలో ఎవరూ పేరు చెప్పి అమ్మరు. ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. పదకొండు కప్పుల నీళ్లలో ఒక కప్పు ఉప్పు కరిగించి గడ్డను వేయండి. మునిగితే పిండి ఎక్కువున్నది, తేలితే నీరు ఎక్కువున్నది. వేపుడుకు మునిగేదే నా ఎంపిక. పైన పెంకు కట్టేది అదే. తేలేది దొరికినా బాధ లేదు, ఉడికాక ఇంకాస్త ఎక్కువసేపు ఆరబెట్టాలి, అంతే. ఆకుపచ్చ తిరిగిన గడ్డల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. వెలుతురు తగిలి అలా మారిన చోట సొలనిన్ అనే విషపదార్థం చేరుతుంది, ఉడికించినా పోదు. కొద్దిగా ఉంటే లోతుగా చెక్కి పారేయండి, మొలకలు గుంటతో సహా తీసేయండి. ఎక్కువగా ఉన్నా, చేదు తగిలినా ఆ గడ్డనే వదిలేయండి.

ఇక ఉడకబెట్టడం. ఈ అధ్యాయంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇది ముందుగా చేసిపెట్టుకోగల పని. పచ్చి ముక్కలను నేరుగా నూనెలో వేపితే కిలోన్నరకు గంట పడుతుంది, ఆ గంటంతా ఒక మనిషి పొయ్యికి కట్టుబడాలి. ముందే ముప్పావు వంతు ఉడికించి, చల్లార్చి పెట్టుకుంటే రాత్రి పొయ్యి ముందు నిలబడేది ఇరవై అయిదు నిమిషాలే. పైగా రుచి కూడా పెరుగుతుంది. ఉడికిన పిండిపదార్థం చల్లారినప్పుడు మళ్లీ గట్టిపడుతుంది, ముక్క నూనెలో చిట్లదు. పైతడి ఆరిపోతుంది కాబట్టి తొందరగా ఎర్రబడుతుంది.

గడ్డలను తోలుతోనే, ఇంచుమించు ఒకే సైజువి ఏరి, చన్నీళ్లలో వేసి, లీటరుకు రెండు చెంచాల ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చిదికిపోతుంది, నడుమ పచ్చిగా మిగులుతుంది. కుక్కర్ వద్దంటాను. విజిల్ లెక్క ఒక్కో కుక్కర్‌కు ఒక్కోలా ఉంటుంది, ఒక్క విజిల్ ఎక్కువైతే అది వేపుడుకు పనికిరాదు. తెరిచిన గిన్నెలోనైతే కత్తి మొనతో గుచ్చి చూడొచ్చు. మొన సులువుగా దిగి నడుమకు పోయేసరికి కాస్త ఆగాలి. అప్పుడు వంచేయండి. పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరచి, మూత పెట్టకుండా చల్లారనివ్వండి. చేనుకు పోయేవాళ్లు ముందు రోజు రాత్రే ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఉడికినదాన్ని ఫ్రిజ్‌లో పెడితే నష్టం లేదు, నేను వద్దన్నది పచ్చి గడ్డకు. ఫ్రిజ్ లేకపోతే సాయంత్రం ఇల్లు చేరగానే మొదటి పనిగా గిన్నె పొయ్యెక్కించి, తర్వాత కాళ్లు కడుక్కోండి.

తోలు తీయడం పిల్లలకు అప్పగించండి. చల్లారిన గడ్డ తోలు వేళ్లతోనే వస్తుంది, కత్తి అక్కర్లేదు. నలుగురు పిల్లలు చాప మీద కూర్చుంటే పది నిమిషాల పని. ముక్కలు బొటనవేలు మొదటి కణుపంత ఉండాలి. చిన్నగా తరిగితే పెంకే మిగులుతుంది, పెద్దగా తరిగితే కారం పట్టదు.

కారం కూడా ముందే. పావుకిలోలో సగం కన్నా కాస్త తక్కువ పల్లీలు, అందులో సగం నువ్వులు, ఒక కుడుక చిప్ప, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర, పన్నెండు పదిహేను ఎండుమిరపకాయలు, ఒక పెద్ద ఎల్లిగడ్డ, ఉప్పు. దేనికదే వేయించాలి. పల్లీలకు సన్నని సెగ మీద ఓపిక కావాలి, నువ్వులు చిటపటమనగానే దింపాలి, కుడుక తురుము రంగు మారీ మారకముందే తీయాలి. అన్నీ ఒకేసారి మూకుడులో పోస్తే నువ్వులు మాడే వేళకు పల్లీలు పచ్చిగా ఉంటాయి.

మిరపకాయల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఎందుకంటే ఈ ప్రాంతం వాళ్లకు ఇందులో ఎవరికీ లేని అదృష్టం ఉంది. చేను ఇంటి వెనకే. తేజ రకం మంటకు పెట్టింది పేరు. వరంగల్ వైపు పండే చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. టమాటలా బొద్దుగా ఉండే ఆ కాయకు ఘాటు చాలా తక్కువ, ఎరుపు మాత్రం నిండుగా ఉంటుంది. రెండింటినీ కలపండి. చుట్టాల్లో పిల్లలూ పట్నంవాళ్లూ ఉంటే మూడు వంతులు చపాటా, ఒక వంతు తేజ. చూడటానికి నిప్పులా ఉంటుంది, చిన్నపిల్ల కూడా కళ్లనీళ్లు లేకుండా తింటుంది. పిల్లలకు వేరే కూర చేయాల్సిన పని తప్పుతుంది, అంటే వండేవాళ్లకు ఒక పొయ్యి ఖాళీ అవుతుంది.

రోట్లో దంచితే మంచిది. మిక్సీలోనైతే ఆపి ఆపి తిప్పండి. ఆగకుండా తిప్పితే పల్లీలూ నువ్వులూ నూనె వదిలి కారం ఉండ కడుతుంది. ఎల్లిపాయలు చివర్లో, పొట్టుతోనే వేసి ఒక్కసారి తిప్పి తీసేయాలి. నాకైతే కారం నోట్లో గరుకుగా తగలాలి. పల్లీ పలుకు అక్కడక్కడ పంటికి చిక్కాలి.

ఇంతవరకూ చేసినదంతా పొద్దున్నో, మధ్యాహ్నమో, ముందు రోజో అయిపోయిన పని. రాత్రికి మిగిలింది వేపడం ఒక్కటే. ఇప్పుడు వరస గురించి శ్రద్ధగా వినండి. అన్నం, పప్పు, పచ్చిపులుసు, పెరుగు, నీళ్లు, పళ్లాలు, అన్నీ చాప దగ్గరికి చేరాకే మూకుడు పొయ్యెక్కాలి. ముందు వేపి తర్వాత సర్దుకోవడం మన అలవాటు. సర్దుకునేలోపు వేపుడు మెత్తబడుతుంది, ఉప్పు కోసమో గ్లాసు కోసమో లేచేది మళ్లీ వండిన మనిషే.

ఇనుప మూకుడు, వెడల్పుది. వీలైతే రెండు పొయ్యిల మీద రెండు. ఒక్కోదాంట్లో చిన్న గ్లాసుడు పల్లినూనె. ఒక ముక్క వేసి చూడండి, వెంటనే చుట్టూ బుడగలు రావాలి. ముక్కలు ఒకే వరసలో పరుచుకునేంతే వేయండి. గుట్టగా పోస్తే వాటి ఆవిరి వాటినే ఉడికిస్తుంది. తడి పోనంతసేపూ ముక్క వేడి మరిగే నీటి వేడిని దాటదు, ఆ వేడికి ఎర్రబడదు. ఇక గంటె పక్కన పెట్టండి. అయిదు నిమిషాలు కదపొద్దు. కలపాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి. అడుగున పెంకు కట్టాక ముక్క తనంతట తానే మూకుడును వదులుతుంది, అప్పుడు తిప్పాలి. ఉప్పు కూడా పెంకు కట్టాకే. ముందే చల్లితే నీరూరుతుంది.

రంగు బంగారం దగ్గర ఆపాలి. ముదురు గోధుమరంగు దాకా పోనివ్వకండి. పిండిపదార్థమున్న గడ్డలను బాగా మాడేలా వేపితే ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. రుచి లెక్కన చూసినా బంగారు రంగు దాటితే చేదే. పొయ్యి ఆపండి. ఆపాకే రెండు చెంచాల నెయ్యి, దోసెడు కల్యామాకు. ఆ వేడికే ఆకు చిటపటలాడుతుంది. అది సద్దుమణిగాక కారం చల్లి మూకుడు చెవులు పట్టుకుని ఎగరేయండి. కారం పొయ్యి మీద పడితే నువ్వులూ ఎల్లిపాయా మాడతాయి, పగలంతా పడ్డ కష్టం అరనిమిషంలో పోతుంది. మూత పెట్టకండి. మూత కింద ఆవిరి చేరి పెంకు మెత్తబడుతుంది. మూకుడును అలాగే ఎత్తుకొచ్చి చాప నడుమ పీట మీద పెట్టండి.

ఇప్పుడు వండిన మనిషి కూర్చోవాలి. ఇక్కడే చాలా ఇళ్లలో బండి ఆగిపోతుంది. అత్తమ్మ కూర్చోందే కోడలు కూర్చోదు, మగవాళ్లు లేవందే అత్తమ్మ కూర్చోదు. దీన్ని మాటలతో మార్చబోతే పండగ పూట అందరి ముందూ ఎవరో ఒకరు చిన్నబోతారు. మనిషిని పట్టి కూర్చోబెట్టడం కన్నా కూర్చోకుండా ఉండటానికి కారణాలు లేకుండా చేయడం మేలు. వడ్డన లేకుండా చేయండి. గిన్నెలన్నీ నడుమ పెట్టి, ఎవరికి వాళ్లు పెట్టుకునేలా, చిన్నపిల్లలకు పక్కన కూర్చున్న తండ్రి పెట్టేలా. పళ్లాల లెక్క ముఖ్యం. పదిమంది ఉంటే పది పళ్లాలు ముందే వేసి ఉండాలి, వండిన ఆమె పళ్లెం నడుమ వరసలో ఉండాలి, తలుపు దగ్గర కాదు. పళ్లెం పెట్టి ఉంటే "నేను మల్ల తింట" అనడం కష్టం. ఇంటి పెద్ద ఒక్క మాట అంటే మరీ సులువు. మామ "కోడలు రానియ్యి, మొదలుపెడదాం" అంటే ఆ ఇంట్లో ఇక ఎవరూ అడ్డుచెప్పరు. ఆ మాట ఆయన చెవిన ముందు రోజే, కొడుకు ద్వారా వేయండి.

కొందరు పెద్ద ముసలమ్మలు ఎంత చెప్పినా కూర్చోరు. పెట్టడంలోనే వాళ్లకు తృప్తి ఉంటుంది. వాళ్లను బలవంతపెట్టకండి. చిన్న పళ్లెంలో వేడి ముక్కలు నాలుగు, అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపి మనవరాలి చేత అందరికన్నా ముందు పంపండి. నిలబడే తిననివ్వండి. వేడిగా తినడం మన లెక్కలో అసలు సంగతి, కూర్చోవడం ఆ తర్వాతిది.

రెండో వాయి వేపేది ఎవరు? మొదటి వాయి వేపినవాళ్లు కాదు. ఇది ముందే అనుకోవాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకో, అల్లుడో, ఇంటర్ చదివే మనవడో. ముక్కలు ఉడికి ఉన్నాయి, కారం కొట్టి ఉంది. వాళ్లు చేయాల్సింది అయిదు నిమిషాలు కదపకుండా నిలబడటం, రంగు చూసి తిప్పడం, పొయ్యి ఆపాక నెయ్యీ కల్యామాకూ కారం వేయడం. వంట రాని చేతికి ఇది మంచి మొదలు. అల్లుణ్ని పొయ్యి దగ్గరికి పంపడమేమిటని అత్తగారు నొచ్చుకుంటే, కూతురే నవ్వుతూ "మా ఇంట్ల రోజూ ఆయనే చేస్తడమ్మా" అంటే సరిపోతుంది, అది నిజమైతే. నిజం కాకపోతే ఆ రోజే మొదలుపెట్టొచ్చు.

షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటారు, వాళ్లను వదిలేసి ఈ అధ్యాయం ముగించలేను. ఆలుగడ్డా అన్నమూ రెండూ పిండిపదార్థాలే. వాళ్ల పళ్లెంలో అన్నం బాగా తగ్గించి, ముద్దపప్పు ఎక్కువ పెట్టి, వేపుడు ఒక గుప్పెడు ఇవ్వండి. అసలే వద్దని పక్కన కూర్చోబెడితే ఆ మనిషి రాత్రి పదకొండింటికి వంటింట్లో దొరుకుతాడు. డాక్టర్ చెప్పిన కొలత మాత్రం దాటొద్దు. ఇలా నూనె, నెయ్యి ధారాళంగా పోసి చేసే కూర నెలకో రెండు నెలలకో ఒకసారి చాలు. మామూలు రోజుల్లో అదే ఉడికిన ముక్కలను రెండు చెంచాల నూనెలో తిప్పి, అదే కారం సగం చల్లుకోండి.

పులుసు కూర కావాలనేవాళ్లకు ఒక మాట. చింతపండు రసం గానీ టమాట గానీ గడ్డ పూర్తిగా ఉడికాకే పోయాలి. పులుపులో గడ్డ మెత్తబడటం బాగా ఆలస్యమవుతుంది. ముందే పోసి, గంటసేపు ఉడికించినా ముక్క గట్టిగానే ఉందని గ్యాస్ తగలేసే ఇళ్లు చాలా ఉన్నాయి.

వేపుడు మిగిలితే పొద్దున జొన్నరొట్టెలోకి బాగుంటుంది. మిగిలిన కారాన్ని తడి తగలని సీసాలో పెట్టండి. ఎల్లిపాయ పచ్చిది కాబట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వారంలో వాడేయండి. మూకుడు కడగడం రెండో వాయి వేపిన చేతుల పని. ఇనుప మూకుడును సబ్బు నీళ్లలో నానబెట్టొద్దని ఆ చేతులకు ముందే చెప్పండి. వేడినీళ్లతో రుద్ది, పొయ్యి మీద ఆరబెట్టి, చుక్క నూనె రాసి తగిలించాలి.

ఈ అధ్యాయం చదివాక మీ వంతు పని ఇది. శివరాత్రి దాకా ఆగక్కర్లేదు. వచ్చే ఆదివారం రాత్రికి అరకిలో గడ్డలతో ఇంట్లో నలుగురికే చేసి చూడండి. వరసలో ఎక్కడ తడబడ్డారో, ఏ పనికి ఎవరు లేవాల్సి వచ్చిందో గమనించండి. ఉప్పు డబ్బా మరిచారా, నీళ్ల చెంబు మరిచారా, పెరుగు లోపలే ఉండిపోయిందా, ఒక కాగితం మీద రాసుకోండి. చుట్టాలొచ్చిన రోజు మూకుడు పొయ్యెక్కించే ముందు ఆ కాగితం ఒకసారి తీసి, అందులోవన్నీ చాప దగ్గరికి చేరాయో లేదో చూసుకోండి.